ఎత్తున మిగిలిన వరస

నీళ్లు నడుము దాకా ఉన్నాయి. లాయిడ్ ముందు నడుస్తున్నాడు, కెర్తు వెనక. ఒక్కో గుంజ దగ్గర ఆగడం, పై క్లిప్పులోంచి తాడు ఊడదీయడం, కింది క్లిప్పులో నొక్కడం. తాడుకి వేలాడే బుట్టలు గలగలమంటూ నీళ్లలోకి దిగుతాయి. బుట్టల నిండా ఆల్చిప్పలు. తర్వాత ఇంకో గుంజ.

మాట్లాడుకుంటూ చేసే పని కాదిది. గాలి మాటల్ని మిగలనివ్వదు. పొద్దున్నుంచీ ఉత్తరపు గాలి వీస్తోంది. ఎడారి మీంచి వచ్చే గాలి, నోట్లో ఇసక పడుతుంది. రేపు ఇంకా మండుతుందని రేడియో చెప్పింది. పైగా రేపు సముద్రం పని ఎగ్గొట్టే రోజు. పోర్ట్ హెస్కెత్ తీరంలో నెలకి రెండుసార్లు అలా జరుగుతుంది. పోటు ఉండదు, పాటు ఉండదు. నీళ్లు ఎక్కడివక్కడ నిలబడిపోతాయి. పురుగు పట్టకుండా ఎండలో ఆరాలని పైకి ఎత్తిన వరసలు ఆ రోజు అలాగే ఉండిపోతే వాటిని తడపడానికి నీళ్లు పైకి రావు. చల్లటి రోజైతే ఫర్వాలేదు. ఇలాంటి గాలిలో ఆల్చిప్ప గుల్లలోనే ఉడికిపోతుంది. అందుకే బోటు నడిపే ట్రెంట్ పొద్దున్నే చెప్పాడు. "ఎత్తినవన్నీ దించెయ్యండి. ఒక్కటి కూడా మిగలకూడదు."

చివరి వరస దగ్గర లాయిడ్ ఆగాడు. గుంజ మీద చెయ్యి వేశాడు. బొటనవేలితో క్లిప్పుని రుద్దాడు, దాని మీద ఏదో రాసి ఉన్నట్టు. కెర్తు ఆగింది. ఆయన ఒడ్డు వైపు చూశాడు, మళ్లీ చేతివైపు చూసుకున్నాడు, చెయ్యి తీసేశాడు.

"పద. అయింది."

"లాయిడ్, ఈ వరస?"

"ఏ వరస?"

"ఇదే. ఇంకా పైనే ఉంది."

ఆయన తాడు పొడుగునా చూశాడు. ఎండకి కళ్లు చికిలించి చాలాసేపు చూశాడు.

"అది ఉండనీ. ట్రెంట్ ఉంచమన్నాడు."

"ఒక్కటి కూడా మిగలకూడదన్నాడు కదా?"

"అమ్మాయ్, నువ్వు పుట్టకముందు నుంచీ ఈ నీళ్లలో నానుతున్నా. ఉంచమన్నాడంటే ఉంచమన్నాడు. నడు, బోటు తిరుగుతోంది."

ఆమె నడిచింది. ఈ నీళ్లలో ఎలా నడవాలో నేర్పింది ఆయనే. పాదం ఎత్తకుండా ఈడ్చుకుంటూ నడిస్తే ఇసకలో పడుకున్న, తోకలో విషపు ముల్లుండే టేకు చేప తప్పుకుపోతుంది, తోక విసరదు. గ్లవుజు లోపల ఉన్నిది ఇంకోటి వేసుకుంటే గుల్ల కోసినా చర్మం తెగదు. చూపించి చేయించేవాడు. ఆయన మాట కాదని చెయ్యి పెట్టి తాడు దించడం ఆమెకి తోచలేదు.

బోటెక్కుతుంటే ట్రెంట్ అడిగాడు. "అన్నీ దించారా?"

"అన్నీ" అన్నాడు లాయిడ్.

కెర్తు తల తిప్పి చూసింది. లాయిడ్ బూట్లో నీళ్లు ఒంపుకుంటున్నాడు. ట్రెంట్ అప్పటికే చక్రం తిప్పేశాడు. ఇంజను హోరులో ఆమె నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది.

మర్నాడు ఎవరూ నీళ్లలోకి దిగలేదు. రేవు పక్క రేకుల షెడ్డులో ఆల్చిప్పల్ని పెద్దవీ చిన్నవీ వేరుచేసే పని పెట్టుకున్నారు. కప్పు కింద ఊపిరాడటం లేదు. టీ వేళకి జోడీ వెళ్లి చూస్తే కెటిల్ అడుగు నల్లగా మాడి ఉంది. నీళ్లు పొయ్యకుండా ఎవరో పొయ్యి మీద పెట్టి వదిలేశారు. జోడీ ఏరే యంత్రం దగ్గర పనిచేస్తుంది. భారీ మనిషి, గొంతు ఇంకా భారీ.

"ఇదెవరి నిర్వాకం?"

"ఇంకెవరిది, పో-హాన్‌ది" అన్నాడు ట్రెంట్.

"వాడెళ్లి వారమైంది కదయ్యా!"

"వెళ్తూ వెళ్తూ పెట్టిపోయాడు. ఇప్పటికి మాడింది."

అందరూ నవ్వారు. లాయిడ్ అందరికంటే ఎక్కువ నవ్వాడు. కళ్లు తుడుచుకున్నాడు. పొద్దున అందరికంటే ముందొచ్చి షెడ్డు తలుపు తీసేది ఆయనే.

అక్కడ అదో ఆనవాయితీ. వీపున సంచీ తగిలించుకుని ఊరూరా పని చేసుకుంటూ తిరిగే కుర్రకారుని ఊళ్లో సంచీవాళ్లంటారు. వస్తారు, కొన్నాళ్లు ఉంటారు, పోతారు. షెడ్డులో ఏది విరిగినా, తప్పిపోయినా, మాడినా ఆఖరున బస్సెక్కినవాడి నెత్తిన పడుతుంది. ఉన్నవాళ్ల మధ్య తగువు రాదు. పోయినవాడికి తెలియనే తెలియదు. కెర్తూ అలా సంచీతో వచ్చినదే. ఆమె వచ్చిన కొత్తలో తప్పులన్నీ ఒక ఐరిష్ పిల్లవి. ఆ పిల్ల మొహం కూడా కెర్తు చూడలేదు. అయినా ఒకరోజు పారపిడి విరిగితే, "ఆ ఐరిష్ పిల్లే" అని తనే అనేసింది. అందరూ పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచే దారిలో ఎదురైన బళ్లవాళ్లు ఆమెని చూసి ఊరిమనిషిని పలకరించినట్టు స్టీరింగు చక్రం మీంచి వేలెత్తి పలకరించడం మొదలుపెట్టారు. కనీసం ఆమెకి అలా అనిపించింది.

పో-హాన్ తైవాన్ కుర్రాడు. జ్ఞానదంతం పీకించుకోవడానికి అడిలైడ్ వెళ్లాడు. వచ్చేస్తానన్నాడు. "అందరూ అలాగే అంటారు" అంది జోడీ, బస్సు కదలగానే. చలికాలంలో పని తక్కువ. సంచీవాళ్లలో ఒక్కరినే ఉంచుకుంటారు. ఆ చోటు పో-హాన్‌కి ఇస్తానని యజమానురాలు గ్లెనిస్ వాడు వెళ్లకముందే మాటిచ్చింది. కెర్తుకి ఆ చోటు కావాలి. అలా అని ఎవరితోనూ అనలేదు. లాయిడ్ ఇంటి వెనక చక్రాల మీది గదిలాంటి పాత క్యారవాన్‌లో ఉంటోంది. దాని గోడకి తనే ఒక బల్లచెక్క బిగించుకుంది. విరిగిన ఆల్చిప్పల బుట్టలో మట్టి పోసి సోయికూర విత్తనాలు చల్లింది. ఆమె పుట్టిపెరిగిన ఎస్తోనియాలో సోయికూర లేకుండా బంగాళాదుంప తినరు. మొలకలు వేలెడంత వచ్చాయి. కోతకి రావాలంటే చలికాలం మధ్య దాకా ఉండాలి.

ఆ రోజంతా గాలి ఆగలేదు. రేవులో నీళ్లు పళ్లెంలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి. కెర్తు రెండుసార్లు తలుపు దాకా వెళ్లి సముద్రం వైపు చూసింది. అక్కణ్ణించి వరసలు కనపడవు.

ఆ మర్నాడు బోటు ఇంకా దగ్గరకి పోకముందే వాసనొచ్చింది. ట్రెంట్ ఇంజను తగ్గించాడు. చివరి వరస మీద పక్షులు బారులు తీరి కూర్చున్నాయి. బోటుని చూసి కూడా లేవలేదు.

బుట్ట మూత తీస్తే గుల్లలన్నీ నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. లోపల మాంసం పసుపుపచ్చగా మారి జారిపోతోంది. ఇంకొన్నాళ్లలో బజారుకి వెళ్లాల్సినవి. మూడేళ్ల పెంపకం. ట్రెంట్ ఒక్క బూతుమాట అన్నాడు, మెల్లిగా. తర్వాత పని చెప్పాడు. బుట్టల్ని ఒక్కోటీ విప్పి గుల్లల్ని పెట్టెల్లోకి గుమ్మరించాలి. నీళ్లలో పారబోస్తే పక్క వరసలు పాడవుతాయి. కెర్తు ముక్కుకి తువ్వాలు కట్టుకుంది. లాయిడ్ కట్టుకోలేదు. బుట్ట వంచి, అడుగు తట్టి, చేత్తో తుడిచి, మూత వేసి పక్కన పెడుతున్నాడు. చచ్చినవాటినీ బతికున్నవాటితో సమానంగా జాగ్రత్తగా పట్టుకుంటున్నాడు.

"ఎవడు చేశాడ్రా ఈ పని?" అన్నాడు. నిజంగానే అడిగాడు.

ట్రెంట్ ఆయన్ని చూశాడు. కెర్తుని చూశాడు. కెర్తు బుట్టలోకి చూసింది.

టీ వేళకి గ్లెనిస్ షెడ్డుకి వచ్చింది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు కత్తిరించుకుని ఉంటుంది. మొగుడు పోయాక ఈ ఆల్చిప్పల పెంపకమంతా తనే చూసుకుంటోంది. ట్రెంట్ ఆమె చెల్లెలి కొడుకు. ఆమె కూర్చోలేదు. గుమ్మంలో నిలబడి పెట్టెల వైపు చూసింది.

"ఎవరు?"

రేకుల మీద కొంగ నడుస్తున్న చప్పుడు వినపడింది.

"పో-హాన్" అన్నాడు ట్రెంట్. "ఆ వరస ఎత్తింది వాడే. క్లిప్పులు తిరగేసి నొక్కి పోయాడు. దించుదామంటే తాడు ఊడి రాలేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. జోడీ కప్పులో చక్కెర కలుపుతూనే ఉంది. గ్లెనిస్ అందరి మొహాలూ చూసింది. చూసి తలాడించింది.

"అయితే చలికాలానికి కెర్తు ఉంటుంది" అంది. "నీకు ఇష్టమేనా?"

కెర్తు పెట్టెల వైపు చూసింది. "ఇష్టమే" అంది.

లాయిడ్ ఆమె భుజం తట్టాడు. "మంచిదైంది అమ్మాయ్." తర్వాత బాధగా తల ఊపాడు. "ఆ కుర్రాడు శ్రద్ధగా చేసేవాడనుకున్నా."

పో-హాన్ మర్నాడు మధ్యాహ్నం బస్సు దిగాడు.

బుగ్గ ఇంకా వాచి ఉంది. చేతిలో పెద్ద అట్టపెట్టె, దానికి ఎర్ర తాడు. తిన్నగా షెడ్డుకొచ్చాడు. అడిలైడ్‌లో వాళ్లవాళ్ల కొట్లో కొన్నాడట, అనాసపండు గుజ్జు పెట్టి కాల్చిన బిస్కెట్లు. బల్ల మీద పెట్టి తాడు విప్పాడు. రెండు చేతులతో పెట్టెని ముందు లాయిడ్‌కి చాపాడు.

"తీసుకోండి అంకుల్. పెద్దవాళ్లు ముందు."

ఆ ఊళ్లో ఎవరినైనా పేరు పెట్టే పిలుస్తారు, గ్లెనిస్‌ని కూడా. పో-హాన్‌కి మాత్రం అది అలవాటు కాలేదు. మామూలుగా అయితే ట్రెంట్ "అదిగో, మహారాజులుంగారు వచ్చారు" అని ఏడిపించేవాడు. ఇప్పుడు అనలేదు. లాయిడ్ బిస్కెట్ తీసుకోలేదు. చేతులు ఒళ్లోనే పెట్టుకున్నాడు.

"నీకు పని నేర్పింది నేనేనని చెప్పుకున్నాను రా" అన్నాడు. "పరువు తీశావు."

పో-హాన్ పెట్టె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఒక్కొక్కరినీ చూశాడు. ఆఖరికి ట్రెంట్ చెప్పాడు, నేల చూస్తూ. వరస, క్లిప్పులు, ఎండ.

"నేను సరిగ్గానే నొక్కాను" అన్నాడు పో-హాన్. పెట్టె కింద పెట్టి రెండు చేతులూ గాల్లోకి ఎత్తాడు. ఊడదీసి, కిందికి తెచ్చి, బొటనవేలితో నొక్కి, లాగి చూసి. గుంజ లేదు, తాడు లేదు, అయినా ఆ చేతులు తప్పలేదు. "ఇలాగే చేశాను. ప్రతి గుంజకీ ఇలాగే."

"సరేలే అబ్బాయ్" అంది జోడీ. ఆమె గొంతు ఎన్నడూ లేనంత మెత్తగా ఉంది. "అయిందేదో అయింది. ద్రాక్షతోటల్లో కోతలింకా నడుస్తున్నాయి. అక్కడ తీసుకుంటారు."

"గ్లెనిస్ గారు మాటిచ్చారు."

"గ్లెనిస్ కెర్తుని ఉంచుకుంది."

పో-హాన్ కెర్తు వైపు తిరిగాడు. కోపం లేదు ఆ చూపులో. అర్థం కానిదేదో ఆమె అయినా విప్పి చెబుతుందని చూశాడు. ఆమె గ్లవుజు తిరగేసి లోపలి ఉన్నిని బయటికి లాగుతోంది. లాగడం అయిపోయాక మళ్లీ లోపలికి తోసింది.

మళ్లీ బస్సు ఎల్లుండి గాని లేదు. వాడు సంచీ ఎత్తుకుని గుడారాల మైదానం వైపు నడుచుకుంటూ పోయాడు. బిస్కెట్ల పెట్టె బల్ల మీదే ఉండిపోయింది. ఎవరూ ముట్టుకోలేదు. సాయంత్రం జోడీ దాని మీద తువ్వాలు కప్పింది.

పని దిగాక కెర్తు గ్లెనిస్ ఇంటికి వెళ్లింది. గ్లెనిస్ పెరట్లో కోళ్లకి గింజలు చల్లుతోంది.

"పో-హాన్ తప్పు లేదు" అంది కెర్తు. "ఆ వరస నేనూ లాయిడూ వెళ్లినప్పుడు..."

"చెప్పకు" అంది గ్లెనిస్.

"మీరు... నువ్వు వినాలి."

"ఏం వినాలి? లాయిడ్ మర్చిపోయాడు. నాకు తెలీదనుకున్నావా?" గింజలు చల్లడం ఆపలేదు. "పోయినేడాది నుంచీ తెలుసు. ట్రెంట్‌కి తెలుసు, జోడీకి తెలుసు. లాయిడ్‌కే తెలీదు. తెలీకూడదు."

"మరి పో-హాన్?"

"వాడికి దేశమంతా ఉంది. పాతికేళ్లు కూడా నిండలేదు. ఈ వారం ఇక్కడ కాకపోతే వచ్చే వారం ఇంకో ఊళ్లో. లాయిడ్‌కి ఏముంది? ఆ నీళ్లే ఉన్నాయి. నీళ్లలోంచి తీసి బయట పెడితే ఏమవుతుందో నిన్న బుట్టల్లో చూశావుగా."

"అందుకని..."

"అందుకనే. వాడు తిరిగొస్తాడనుకోలేదు, అది మా పొరపాటు. మీలో ఎవరూ రారు." ఆమె ఖాళీ డబ్బాని గోడకేసి తట్టింది. "నువ్వు ఆయన పెరట్లో ఉంటున్నావు. ఆయన బల్ల మీద తింటున్నావు. నీకు చోటొచ్చింది. తీసుకుని ఊరుకో, తల్లీ."

కోడిపుంజు ఒకటి కెర్తు బూటు తాడుని పొడిచి వెళ్లిపోయింది.

లాయిడ్ చేపలు వేయిస్తున్నాడు. ఎప్పటిలాగే ఆమె పళ్లెం కూడా పెట్టాడు. బంగాళాదుంపలు, చేప, నిమ్మకాయ ముక్క. ఆయన చేప తినే తీరు కెర్తుకి ఇష్టం. ఒక్కో ముల్లూ తీసి పళ్లెం అంచున వరసగా పేరుస్తాడు. ముల్లు విరగనివ్వడు.

"పాపం అనిపించింది వాడిని చూస్తే" అన్నాడు. "కానీ ఏం చేస్తాం? తప్పు చేసి ఒప్పుకోకపోతే ఎలా? నాకు తప్పుకంటే అది నచ్చలేదు."

కెర్తు ఫోర్కు కింద పెట్టింది. చెప్పకుండా లేచి వెళ్లిపోవచ్చు. క్యారవాన్ తలుపు వేసుకోవచ్చు.

"లాయిడ్, ఆ వరస దించకుండా వచ్చింది మనం."

"ట్రెంట్ ఉంచమన్నాడు."

"అనలేదు."

"అన్నాడు."

"నేను అక్కడే ఉన్నాను. దించమన్నాడు. ఒక్కటి కూడా మిగలకూడదన్నాడు. నువ్వు గుంజ మీద చెయ్యి పెట్టి ఆగిపోయావు. ఇంక పద అన్నావు. బోటులో ట్రెంట్ అడిగితే అన్నీ దించామన్నావు. నేనూ నోరెత్తలేదు."

ఆయన ఒక ముల్లు తీసి వరసలో పెట్టాడు. ఇంకోటి తీశాడు. అది విరిగింది.

లేచాడు. ఫ్రిజ్ తలుపు తీసి ఆ వెలుతురులో నిలబడ్డాడు. ఏమీ తియ్యకుండానే మూసేశాడు. వచ్చి కూర్చున్నాడు.

"గుంజ మీద చెయ్యి పెట్టానా?"

"పెట్టావు."

"నాకు ఆ చెయ్యి గుర్తు లేదు" అన్నాడు. తన కుడిచేతిని బల్ల మీద పెట్టి, ఎవరో మర్చిపోయి వెళ్లిన వస్తువుని చూసినట్టు చూశాడు. "వేడి గుర్తుంది. నువ్వు వెనకున్నావని గుర్తుంది. ఆ చెయ్యి గుర్తు లేదు."

ఆమె లేచింది. పళ్లేలు తీసి కడిగింది. ఆయన లేవలేదు.

పొద్దున్న లాయిడ్ బండి గుడారాల మైదానం వైపు వెళ్లింది. టీ వేళకి షెడ్డులోకి వచ్చినప్పుడు వెనక పో-హాన్ ఉన్నాడు, సంచీతో సహా. వాడు గుమ్మం దాటలేదు.

"లోపలికి రారా. కూర్చో" అన్నాడు లాయిడ్. తను కూర్చోలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. గ్లెనిస్ కూడా ఆ రోజు అక్కడే ఉంది. చచ్చిన గుల్లల్ని పూడ్చే గొయ్యి ఎక్కడ తవ్వాలో చెప్పడానికి వచ్చింది.

"ఆ వరస మర్చిపోయింది నేను" అన్నాడు లాయిడ్. "ఈ కుర్రాడు కాదు. నేను."

ట్రెంట్ నవ్వాడు.

"చూశారా, లాయిడ్‌కి జాలి పుట్టింది. బుగ్గ వాచిందని వాడి తప్పు నెత్తినేసుకుంటున్నాడు."

"మంచి మనసయ్యా నీది" అంది జోడీ, గబగబా. "ఊరుకో ఇంక. ఎవరూ ఏమీ అనడం లేదుగా వాణ్ణి."

"నేను జాలితో చెప్పడం లేదు."

"కూర్చో లాయిడ్" అంది గ్లెనిస్. "టీ చల్లారిపోతోంది."

ఆయన కూర్చోలేదు. ట్రెంట్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, కానీ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. జోడీ ఆయన కప్పుని ఆయన వైపు జరిపింది. జరిపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చంటిపిల్లాడి ముందు పాలగ్లాసు పెట్టి పట్టుకున్నట్టు పట్టుకుంది. లాయిడ్ ఆ చేతిని చూశాడు. ట్రెంట్ నవ్వు చూశాడు. గ్లెనిస్ కళ్లలోకి చూశాడు. ఆమె ఎప్పుడూ చూపు తిప్పుకోని మనిషి. ఇప్పుడు తిప్పుకుంది.

"మీకు తెలుసు" అన్నాడు.

కెటిల్ మరుగుతోంది. ఎవరూ లేచి దించలేదు.

"ముందు నుంచీ తెలుసు మీకు. ఈ వరస ఒక్కటే కాదు." ఆయన గొంతు పెరగలేదు. ఒక్కో మాటా తడుముకుంటూ ముందుకి నడిచినట్టు మాట్లాడాడు. "పోయినేడు బోటు కట్టకుండా వదిలేస్తే పాటులో కొట్టుకుపోయింది. ఆ ఐరిష్ పిల్ల అన్నారు. ఆ పిల్ల కాదన్నమాట."

"అవన్నీ ఇప్పుడెందుకు లాయిడ్" అన్నాడు ట్రెంట్.

"నేనూ తిట్టాను ఆ పిల్లని. మీతోపాటు కూర్చుని తిట్టాను. నవ్వాను." టోపీ అంచుని వేళ్లతో చుట్టూ తిప్పాడు. "ఎదురుగా కూర్చోబెట్టుకుని నవ్వించారు నన్ను."

పో-హాన్ లేచాడు. "అంకుల్, ఫర్వాలేదు. నేను వెళ్లిపోతాను. మీరు కూర్చోండి."

"నువ్వు నోర్మూసుకుని కూర్చో. నీకు ఇక్కడ పనుంది."

ఆయన గోడ దగ్గరకెళ్లాడు. నీళ్లలోకి వేసుకునే రబ్బరు బట్టలు అక్కడ కొయ్యలకి వేలాడుతున్నాయి. తనవి తీసుకున్నాడు. తీసుకుని కాసేపు నిలబడ్డాడు. చంకన పెట్టుకుని బయటికి నడిచాడు. బండి తాళం బల్ల మీదే వదిలేశాడు.

"పోటొచ్చేలోపు వెళ్లాలి, లాయిడ్" అని ట్రెంట్ గుమ్మంలోకెళ్లి అరిచాడు. "బోటు సిద్ధంగా ఉంది!"

"తెలుసు" అని వినిపించింది, దూరం నుంచి.

గ్లెనిస్ లేచి పొయ్యి ఆర్పింది. కెర్తు పక్కనుంచి వెళ్తూ ఆగింది.

"ఇప్పుడు రెండు చోట్లు" అంది. "ఇద్దరూ బోటెక్కండి."

ఆ పూట నీళ్లలో కెర్తు ముందు నడిచింది, పో-హాన్ వెనక. ట్రెంట్ బోటు మీంచి చూస్తున్నాడు. కొత్త వరస ఎత్తుతుంటే పో-హాన్ మెల్లిగా అడిగాడు.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

వాడు క్లిప్పు నొక్కాడు, లాగి చూశాడు, ఇంకో గుంజ దగ్గరకి కదిలాడు. ఆ పూట వాడు ఆమెతో మళ్లీ మాట్లాడలేదు. తర్వాతి రోజుల్లో పనికి కావలసినంతే మాట్లాడాడు.

సాయంత్రం కెర్తు బండి తాళం తీసుకుని ఇంటికి వెళ్లింది. రబ్బరు బట్టలు పెరట్లో తీగ మీద ఆరేసి ఉన్నాయి. ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగి, కాళ్లు పైకీ మెడ కిందికీ వేలాడేశాడు, పనిలోంచి వచ్చిన రోజుల్లో చేసినట్టే. లాయిడ్ వెనక మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె తాళం ఇచ్చింది. తీసుకుని పక్కన పెట్టాడు.

"నేను ఎక్కడికైనా వెళ్లిపోనా?" అంది.

"ఎందుకు?"

"నేను చెప్పబట్టే కదా..."

"చెప్పింది నువ్వొక్కదానివే" అన్నాడు. ఆ మాటలో మెప్పు లేదు, తిట్టు లేదు. "ఉండు. చలికాలం అయ్యేదాకా ఉండు. ఒక్కటే. నేనేమైనా చేస్తే నాకు చెప్పు. ఇంకొకళ్లకి కాదు. ఇంకొకళ్ల మీద పెట్టొద్దు. నాకు చెప్పు."

"చెప్తాను."

గాలి మారింది. దక్షిణం నుంచి వస్తోంది, చల్లగా, తడిగా. ఆమె క్యారవాన్ వైపు నడుస్తుంటే బూటు బురదలో దిగింది. నిమ్మచెట్టు కింద కుళాయి వదిలేసి ఉంది. బట్టలు కడిగినప్పటి నుంచీ కారుతూ ఉండాలి. నీళ్లు పెరడంతా పాకి కంచె కింద నుంచి వీధిలోకి పోతున్నాయి.

ఆమె చెయ్యి కుళాయి మీదికి వెళ్లింది. ఒక్క తిప్పు తిప్పితే అయిపోయేది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"లాయిడ్" అని పిలిచింది. "కుళాయి."

ఆయన లేచి వచ్చాడు. బురదలో చూసుకుంటూ నడిచి వచ్చి, వంగి, కుళాయి కట్టేశాడు. నడుం నిటారు చేసుకోవడానికి కాస్త సమయం పట్టింది. ఆమె మొహంలోకి చూడలేదు.

"ఇంకేమైనా ఉందా?"

ఆయన ఉన్ని చొక్కా తిరగేసి తొడుక్కుని ఉన్నాడు. కుట్లన్నీ బయటికి ఉన్నాయి, మెడ దగ్గర ఉతుకు చీటీ గాలికి కొట్టుకుంటోంది. షెడ్డులో అందరి ముందూ నిలబడినప్పుడు కూడా అది అలాగే ఉంది. ఆమె అక్కడే చూసింది.

"లేదు" అంది.

ఆయన తల ఊపి మెట్టెక్కి లోపలికి వెళ్లాడు. వంటింట్లో దీపం వెలిగింది. కెర్తు బురదలోనే నిలబడి ఉంది.